మాట కూడా వైద్యమే: పక్షవాతం తర్వాతి కుంగుబాటుకు ఉత్తరాంధ్రలో దిక్కెవరు?

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చే కాగితంలో రక్తపోటు మాత్ర ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర ఉంటుంది, కొవ్వు తగ్గించే మాత్ర ఉంటుంది, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ ఉంటుంది. చేయి ఎలా మడవాలో, కాలు ఎలా చాపాలో ఫిజియోథెరపిస్టు ఒకసారి చూపించి పంపుతాడు. ఆ మనిషి మనసు ఏమవుతుందన్న సంగతి మాత్రం ఆ కాగితంలో సాధారణంగా కనిపించదు. ప్రాణం దక్కింది కదా, అదే పదివేలు అని ఇంటివారు అనుకుంటారు. ఆసుపత్రి కూడా అలాగే అనుకుంటుంది. దక్కిన ప్రాణం తర్వాత ఎలా బతుకుతోందన్న ప్రశ్న ఎవరికీ పట్టదు.

ఈ ప్రశ్నను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ముస్లిముల వైపు నుంచి అడగాలని మేము అనుకుంటున్నాము. ముస్లిముల ఆరోగ్య హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మన దృష్టి హైదరాబాదు పాతబస్తీ మీదికో, కర్నూలు, కడప, గుంటూరుల మీదికో పోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షలు, విజయనగరం జనాభా 23 లక్షలకు పైన. రెండింటిలోనూ ముస్లిములు ఒక శాతానికి లోపే. ఇంత తక్కువ మంది ఉన్నచోట హక్కు అనే మాట ఎంత బలంగా నిలబడుతుందన్నదే అసలు పరీక్ష.

రెండో దెబ్బ

పక్షవాతం తర్వాత వచ్చే కుంగుబాటు అరుదైన విషయమేమీ కాదు. పక్షవాతం నుంచి బయటపడినవారిలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక దశలో కుంగుబాటు వస్తుందని ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ దాదాపు ఒకే మాటగా చెబుతున్నాయి. దీనికి రెండు మూలాలున్నాయి. మెదడులో రక్తప్రసారం ఆగి దెబ్బతిన్న భాగాలు మనోభావాలను నడిపే మార్గాలను కూడా దెబ్బతీయవచ్చు. ఇది శరీరపు మూలం. నిన్నటిదాకా దుకాణం నడిపినవాడు, కుట్టుమిషను మీద ఇల్లు నెట్టుకొచ్చిన ఇల్లాలు, ఇవాళ గ్లాసు మంచినీళ్లకు మరొకరి వైపు చూడవలసిరావడం బతుకు మూలం. మొదటిది మందుతో పోతుందని, రెండోది ఓర్పుతో పోతుందని అనుకోవడం పొరపాటు. రెండూ ఒకే మనిషిలో కలిసి ఉంటాయి.

కుంగుబాటు కేవలం విచారం కాదు. నిద్ర పట్టదు, లేదా రోజంతా నిద్రే. అన్నం సయించదు. మనవళ్లు దగ్గరికి వచ్చినా ముఖంలో వెలుగు ఉండదు. వ్యాయామం చేయమంటే ఎందుకులే అంటాడు. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. పక్షవాతం తర్వాత తొలి నెలలలోనే శరీరం ఎక్కువగా కోలుకుంటుంది. ఆ నెలలలో మనసు మూసుకుపోతే వ్యాయామం ఆగుతుంది, మాత్రలు తప్పుతాయి, తిరిగి రాగలిగిన నడక కూడా రాకుండా పోతుంది. కుంగుబాటు ఉన్న పక్షవాత రోగులు కోలుకోవడం ఆలస్యమవుతుందని, వారిలో మరణాలు కూడా ఎక్కువని పరిశోధనలు చూపాయి. కాబట్టి మనసు వైద్యం చేయీ కాలూ బాగుపడ్డాక చూసుకోవలసిన విలాసం కాదు. చేయీ కాలూ బాగుపడడానికి కావలసిన వాటిలో అదీ ఒకటి.

ఒక తేడాను ఇంటివారు గుర్తుపెట్టుకోవాలి. కొందరు పక్షవాత రోగులు చిన్న మాటకే ఉన్నట్టుండి ఏడుస్తారు, కొన్నిసార్లు అకారణంగా నవ్వుతారు, మరుక్షణం మామూలవుతారు. ఇది మెదడు దెబ్బతినడం వల్ల భావ వ్యక్తీకరణ మీద అదుపు తప్పడం. దీన్ని కుంగుబాటనీ, కుంగుబాటును దీని కింద కొట్టిపారేయకూడదనీ వైద్యులు చెబుతారు. రెండింటికీ చికిత్సలు వేరు. ఈ తేడా తేల్చగల వ్యక్తి ఒకరు రోగి ముందు కూర్చోవాలి. మన రెండు జిల్లాలలో అలా కూర్చునేవారు ఎందరు?

మాటల చికిత్స అంటే ఏమిటి?

మాటల చికిత్స అంటే ధైర్యం చెప్పడం, సలహా ఇవ్వడం అని చాలామంది అనుకుంటారు. ధైర్యం చెప్పేవారు మన ఇళ్లలో కొదువ లేదు. చికిత్స అంటే క్రమబద్ధమైన పని. శిక్షణ పొందిన సలహాదారు వారానికి ఒకసారి అరగంటో, ముప్పావుగంటో రోగితో మాట్లాడతారు. ముందుగా తొమ్మిది ప్రశ్నల పట్టికతో కుంగుబాటు తీవ్రతను కొలుస్తారు. పీహెచ్‌క్యూ-9 అని పిలిచే ఈ పట్టికకు తెలుగు, ఉర్దూ అనువాదాలు రెండూ ఉన్నాయి. తర్వాత రోగి మానేసిన పనులేవో, అందులో ఇప్పటి శరీరంతో సాధ్యమయ్యేవి ఏవో ఇద్దరూ కలిసి రాసుకుంటారు. రేపు పొద్దున వాకిట్లో కుర్చీలో పావుగంట కూర్చోవడం, ఎల్లుండి ఎడమచేత్తో తస్బీహ్ తిప్పడం, శుక్రవారం మనవడి భుజం పట్టుకుని మసీదు గేటుదాకా నడవడం, ఇలా చిన్న మెట్లు. ఏ పని చేసిన రోజున మనసు ఎలా ఉందో గమనిస్తారు. "నేను అందరికీ భారం" అన్న ఆలోచనను విడదీసి, అది ఎంతవరకు నిజమో పరిశీలిస్తారు. ఇంట్లోవారిని కూడా ఒకటి రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడతారు.

ఈ పనికి పెద్ద డిగ్రీలున్న మనోవైద్యులే కావాలన్న నియమం లేదు. గోవాలో 'సంగత్' సంస్థ, డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో దాదాపు 500 మందితో చేసిన ప్రయోగం దీనికి సాక్ష్యం. శిక్షణ పొందిన సామాన్య సలహాదారులు ఆరు నుంచి ఎనిమిది విడతలుగా జరిపిన సంభాషణలు తీవ్రమైన కుంగుబాటును తగ్గించాయి. ఆ ఫలితాలు 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చాయి. జింబాబ్వేలో డాక్టర్ డిక్సన్ చిబాండా ఇంతకు ముందే ఊరి అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి ఆసుపత్రి ఆవరణలోని బల్ల మీద కూర్చోబెట్టి ఇదే పని సాధించారు. ఇవి పక్షవాత రోగుల కోసమే చేసిన ప్రయోగాలు కావు. అయితే ఈ చికిత్సను పేద ప్రాంతాలలో, మామూలు మనుషుల చేత, స్థానిక భాషలో నడపవచ్చని నిరూపించాయి.

పక్షవాత రోగుల విషయానికి వస్తే, ఇంగ్లండు ప్రభుత్వ మాటల చికిత్స సేవలలో 2012 నుంచి 2019 వరకు చేరినవారి రికార్డులను లండను విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు పరిశీలించి 2023లో ప్రచురించారు. ఏడున్నర వేల మందికి పైగా పక్షవాత రోగులలో 71 శాతం మందికి కుంగుబాటు, ఆందోళన లక్షణాలు చెప్పుకోదగినంత తగ్గాయి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి: పక్షవాతం వచ్చిన ఆరు నెలలలోపు చికిత్స మొదలుపెట్టినవారు, ఏడాది దాటాక మొదలుపెట్టినవారికంటే మెరుగ్గా కోలుకున్నారు. ఈ అధ్యయనంలో చికిత్స పొందనివారితో పోలిక లేదు కనుక దీన్నే తుది మాటగా చెప్పలేము. మాటల చికిత్స మీద పక్షవాత రోగులలో ఇంకా గట్టి పరీక్షలు జరగాలి. అయినా ఆలస్యం చేయడంలో నష్టమే తప్ప లాభం లేదన్నది స్పష్టం. వైద్యుడు అవసరమనుకుంటే మందులూ వాడాలి. మందూ మాటా ఒకదానికొకటి శత్రువులు కావు.

ఫోను ఇక్కడ ఎందుకు?

దేశంలో 12 రాష్ట్రాలలో జరిగిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, కుంగుబాటుతో బాధపడే ప్రతి 100 మందిలో సుమారు 85 మందికి చికిత్స అందడం లేదు. ఉత్తరాంధ్రలో ఈ లోటుకు దూరం తోడవుతుంది. తరతరాలుగా మనోవైద్యమంటే ఈ ప్రాంతంవారికి విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలే. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు 200 కిలోమీటర్లకు పైనే. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, సంతోషమే. కానీ ఒక పక్క పడిపోయిన మనిషిని సోంపేట నుంచో, సాలూరు నుంచో ఆటో ఎక్కించి, బస్సు మార్చి, వారం వారం అరగంట మాట కోసం తీసుకువెళ్లడం ఏ కూలి కుటుంబానికీ సాధ్యం కాదు. ఒక రోజు ప్రయాణమంటే తోడు వెళ్లినవారి ఒక రోజు కూలి.

పైగా మన జిల్లాలు వలసల జిల్లాలు. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ లోని వెరావల్ దాకా వేటకు వెళ్తారు. యువకులు హైదరాబాదుకు, చెన్నైకి, గల్ఫ్ దేశాలకు కూలి పనులకు వెళ్తారు. ముసలివారు ఇక్కడ, పిల్లలు అక్కడ. ఎదురెదురుగా కూర్చుని చేసే చికిత్సలో అక్కడి కొడుకుకు చోటు లేదు. ఫోనులో, వీడియోలో జరిగే చికిత్సలో శ్రీకాకుళంలోని తండ్రి, దమ్మాంలోని కొడుకు, విశాఖలోని సలహాదారు ఒకే సంభాషణలో కూర్చోవచ్చు. నాన్నకు మాట సరిగా రాకపోతే ఫోను పెట్టేసే కొడుకుకు, ఆ మౌనం కోపం కాదనీ వ్యాధి అనీ అర్థమయ్యేది అక్కడే.

మన సముదాయానికి ప్రత్యేకించిన కారణం ఇంకొకటి ఉంది. ముప్పయ్యో నలభయ్యో ఇళ్లున్న మహల్లాలో అందరికీ అందరూ తెలుసు. పెళ్లి సంబంధాలు కూడా ఆ నాలుగు వీధుల మధ్యే తిరుగుతాయి. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లారన్న మాట పుట్టిందంటే కూతురి నిఖా దాకా అది పాకుతుంది. ఊరికి దూరంగా ఉన్న, మనవారెవరికీ చుట్టం కాని సలహాదారు గొంతు ఇక్కడ అడ్డంకి కాదు, రక్షణ. సముదాయం ఎంత చిన్నదైతే దూరపు మాటకు విలువ అంత పెరుగుతుంది.

ఈ సేవకు పునాది ఇప్పటికే పడి ఉంది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం టెలీ-మానస్ ప్రారంభించింది. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి మార్గదర్శక సంస్థ. 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగుతో సహా 20 భాషలలో మాట్లాడతారు. అంతకు ముందే, 2019 నవంబరులో, ఈ-సంజీవని దూరవైద్యాన్ని దేశంలో మొట్టమొదట అమలు చేసిన రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే. ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి నిపుణుడితో తెరమీద మాట్లాడే అలవాటు ఇక్కడ కొత్తేమీ కాదు. ఇన్ని ఉండి కూడా పక్షవాత రోగి దాకా మాట చేరలేదంటే లోపం యంత్రంలో లేదు, దాన్ని అల్లిన తీరులో ఉంది. ముందుగా బాధితుడే ఫోను చేయాలన్నది ఆ అల్లిక. కుంగుబాటు లక్షణమే ఫోను చేయబుద్ధి కాకపోవడం. మాట పడిపోయినవాడు ఫోను చేసి ఏం చెబుతాడు?

ఫోను ఎవరి చేతిలో ఉంది?

ఆన్‌లైన్ సేవ అందరికీ సమానంగా అందుతుందనుకోవడం భ్రమ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను ఉన్నవారు సుమారు సగం మందే. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవారు సుమారు ఐదుగురిలో ఒకరు. పక్షవాతం ఎక్కువగా వచ్చే వయసు ఆ లెక్కకు పైన ఉంది. అరవై దాటిన ముస్లిం వితంతువు చేతిలో ఫోను ఉందా, ఉంటే అది మూతపడిన తలుపు వెనుక మాట్లాడుకోగలిగే ఫోనా? రెండు గదుల ఇంట్లో కోడలు వింటుండగా కోడలి గురించి, కొడుకు వింటుండగా కొడుకు గురించి ఏ అమ్మ నోరు విప్పుతుంది?

తర్వాత భాష. సేవ తెలుగులో ఉందనగానే పని అయిపోదు. శ్రీకాకుళం మనిషి మనసు బాగోలేదన్న సంగతిని పుస్తకాల తెలుగులో చెప్పడు. "ఏటీ తోచట్లేదు" అంటాడు, "ఒళ్లంతా బరువుగా ఉంది" అంటాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పెద్దమ్మ "దిల్ నై లగ్‌రా" అంటుంది. పక్షవాతం రెండో భాషను ముందు తీసుకుపోయి తల్లిభాషను మిగల్చవచ్చు, కొందరిలో దీనికి తారుమారుగానూ జరగవచ్చు. కనుక రెండు భాషల మనిషిని రెండు భాషలలోనూ పరీక్షించాలి. 2022లో మన శాసనసభ ఉర్దూను రాష్ట్రానికి రెండో అధికార భాషగా చేస్తూ చట్టం తెచ్చింది. అది కార్యాలయాల బోర్డుల మీద అక్షరాలకే పరిమితమైతే ఎందుకు? మంచం మీది రోగి చెవిలో పడాలి.

ఇక అసలు మాటే పోయినవారి సంగతి. మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నవారిలో చాలామందికి కుడి పక్కతో పాటు మాట కూడా పోతుంది. మాటల చికిత్స వీరికి ఎలా? దీనికి దారులున్నాయి. బొమ్మల కార్డులు, అవును-కాదు సైగలు, రోగిని గమనించి ఇంటివారు జవాబిచ్చే ప్రశ్నావళి ఇతర దేశాలలో వాడుకలో ఉన్నాయి. ఇవి ఫోను గొంతుతో కుదరవు, వీడియో కావాలి, పక్కన సాయం పట్టే మనిషి కావాలి. గొంతుతోనే నడిచే సేవను మాత్రమే ఏర్పాటు చేస్తే, అందరికంటే ఎక్కువ కుంగిపోయే రోగినే అది బయట వదిలేస్తుంది.

చట్టం ఏమంటోంది?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను ప్రతి వ్యక్తికీ ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. ఆ వైద్యం భరించగల ఖర్చులో, తగినంత పరిమాణంలో, చేరుకోగల దూరంలో ఉండాలని, మతం, లింగం, కులం, సంస్కృతి, వైకల్యం వంటి ఏ భేదమూ లేకుండా అందాలని, రోగికీ కుటుంబానికీ ఆమోదయోగ్యంగా ఉండాలని స్పష్టంగా రాసింది. అదే చట్టం 21వ సెక్షను బీమా సంస్థలు మనోవ్యాధికి శరీర వ్యాధితో సమానంగా బీమా ఇవ్వాలని చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచింది. అంటే మేము అడుగుతున్నది దయ కాదు.

అల్పసంఖ్యాకుల సంక్షేమం విషయంలో మన రెండు జిల్లాలకు ఇంతకు ముందు ఒక జవాబు తరచుగా వినిపించేది: మీరు తగినంత మంది లేరు. సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చాక, 2008లో అల్పసంఖ్యాకులు అధికంగా ఉన్న 90 జిల్లాలను గుర్తించి ప్రత్యేక అభివృద్ధి కార్యక్రమం మొదలుపెట్టారు. శ్రీకాకుళం, విజయనగరం ఆ జాబితాలో లేవు. పాఠశాల భవనం, వసతిగృహం, ఆసుపత్రి వంటివాటికి జన సాంద్రత చూడడంలో కొంత తర్కం ఉంది, ఇటుకలకు చోటు కావాలి గనుక. మాటకు ఆ షరతు వర్తించదు. ఒక సలహాదారు ఉదయం ఇచ్ఛాపురంతో, మధ్యాహ్నం బొబ్బిలితో, సాయంత్రం నంద్యాలతో మాట్లాడవచ్చు. ఉర్దూ తెలిసిన మహిళా సలహాదారును విజయనగరానికి ప్రత్యేకంగా నియమించనక్కరలేదు, రాష్ట్రంలో ఎక్కడున్నా చాలు. చెదురుమదురుగా ఉన్న సముదాయానికి సరిగ్గా సరిపోయే ప్రభుత్వ సేవ ఏదైనా ఉందంటే ఇదే. అందుకే, తక్కువ మంది ఉన్నారన్న సాకు ఇక్కడ చెల్లదని మేము గట్టిగా అంటున్నాము.

ఈమాన్, ఇలాజ్

మన ఇళ్లలోనే ఒక గోడ ఉంది. దాన్నీ చూడాలి. కుంగుబాటు ఈమాన్ బలహీనత వల్ల వస్తుందనీ, నమాజు సరిగా చదివేవారికి దిగులు ఉండదనీ కొందరు పెద్దలు చెబుతారు. ఇది రోగి మీద రెండో బరువు మోపడం. యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలామ్) కుమారుడి కోసం దుఃఖించి చూపు కోల్పోయిన వృత్తాంతం మనందరికీ తెలుసు. ఆయన ఈమాన్‌ను ఎవరు శంకించగలరు? హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్ మరణించిన ఏడాదిని దుఃఖ సంవత్సరంగా మన చరిత్ర గుర్తుపెట్టుకుంది. వ్యాధికి వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (స) బోధనే.

మన పూర్వికులకు ఈ జ్ఞానం ఉండేది. బల్ఖ్ పట్టణానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ, 934లో మరణించిన పండితుడు, శరీరానికీ మనసుకూ కలిపి ఒకే ఆరోగ్య గ్రంథం రాశాడు. కారణం తెలిసిన దుఃఖాన్నీ, కారణం తెలియని దుఃఖాన్నీ వేరుచేశాడు. మొదటిదానికి హితవాక్యం, ఆలోచనల దిద్దుబాటు, రెండోదానికి శరీరంలో కారణం వెతికి చికిత్స అన్నాడు. పక్షవాతం తర్వాతి కుంగుబాటులో ఆ రెండు రకాలూ కలిసి ఉంటాయి. కనుక ఆయన చెప్పిన రెండు దారులూ దీనికి కావాలి.

పక్షవాతం వచ్చిన ముస్లిం పెద్దమనిషిని ఎక్కువగా తొలిచేది తరచుగా ఇబాదత్ గురించిన బాధే. వుజూకు మరొకరి సాయం కావాలి. సజ్దాకు ఒళ్లు వంగదు. మూత్రం మీద అదుపు తప్పుతుందేమోనన్న సిగ్గుతో మసీదు మానేస్తాడు. మసీదు మానేసినవాడు మనుషులనే మానేస్తాడు. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని, అదీ చేతకానివాడు సైగతో నమాజు చేయవచ్చన్న వెసులుబాటు షరీఅత్‌లో ఉంది. నీళ్లు వాడలేనివారికి తయమ్ముమ్ ఉంది. ఉపవాసం ఉండలేని దీర్ఘరోగికి ఫిద్యా ఉంది. ఈ సంగతులు సలహాదారుకు తెలియాలి. రోజువారీ పనుల పట్టిక వేసేటప్పుడు ఐదు పూటల నమాజు కంటే సహజమైన చట్రం ఈ రోగికి దొరకదు. ఫజర్ తర్వాత పది నిమిషాల చేతి వ్యాయామం, అసర్ వేళ వాకిట్లో కుర్చీ, మగ్రిబ్‌కు ముందు కొడుకుతో ఫోను. రంజాన్‌లో మాత్రల వేళలు సహరీకి, ఇఫ్తారుకు మార్చుకోవచ్చా లేదా అన్నది వైద్యుడిని ముందే అడగాలి. చట్టం చెప్పిన ఆమోదయోగ్యమైన వైద్యమంటే ఆచరణలో ఇదే.

మేము కోరుతున్నవి

మొదటిది: శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వాసుపత్రుల నుంచి ఇంటికి వెళ్లే ప్రతి పక్షవాత రోగికీ సేవ వైపు నుంచే ఫోను వెళ్లాలి. రెండు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి. ఆ ఫోనులో తొమ్మిది ప్రశ్నలు అడగాలి. కుంగుబాటు తేలితే ఆరు నుంచి ఎనిమిది విడతల మాటల చికిత్సకు అక్కడే తేదీ ఇవ్వాలి.

రెండోది: గ్రామ ఆరోగ్య కేంద్రాలలో వారానికి ఒక పూట తలుపు మూసుకోగల ఒక గది, వీడియో తెర, చెవి ఫోను ఈ చికిత్సకు కేటాయించాలి. ఇంట్లో ఏకాంతం లేని స్త్రీకి అదే ఏకాంతం. కదలలేనివారి ఇంటికి ఏఎన్ఎమ్, ఆశా కార్యకర్త ట్యాబ్ తీసుకువెళ్లాలి. వారి పని భారం ఇప్పటికే ఎక్కువ. కనుక దీనికి వేరుగా పారితోషికం ఇవ్వాలి.

మూడోది: ఉత్తరాంధ్ర మాండలికం, ఉర్దూ తెలిసిన సలహాదారులను, అందులో తగినంత మంది స్త్రీలను తీసుకోవాలి. మహిళా సలహాదారును కోరే హక్కు రోగికి ఉండాలి. మాట పోయినవారికి బొమ్మల కార్డులూ, ఇంటివారు నింపే ప్రశ్నావళీ రెండు భాషలలో తయారుచేయాలి.

నాలుగోది: ఒకనాటి ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్ వైద్య సేవ, ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సల చుట్టూ అల్లిన పథకం. పక్షవాతానికి చెల్లించే ప్యాకేజీలోనే ఇంటికి వెళ్లాక జరిగే మాటల చికిత్సను, ఫిజియోథెరపీని చేర్చాలి.

ఐదోది: ఎంత మంది పక్షవాత రోగులను పరీక్షించారు, ఎంత మందికి చికిత్స మొదలైంది, ఎంత మంది మధ్యలో మానేశారు అన్న లెక్కలు జిల్లా వారీగా, లింగం, భాష, సముదాయం వారీగా ప్రచురించాలి. రోగుల పేర్లు బయటపడకూడదు. సంఖ్యలు దాగకూడదు.

ఇవి ముస్లిముల కోసమే అడుగుతున్నవి కావు. సీతంపేట కొండల్లోని సవర రోగికి, ఉద్దానంలో మూత్రపిండాల జబ్బూ రక్తపోటూ కలిసి పట్టిన రైతుకు, భీమునిపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంబడి ఉన్న మత్స్యకారుడికి కూడా ఇదే అవసరం. తక్కువ మంది మాట్లాడే భాషకూ, తక్కువ మంది ఉన్న సముదాయానికీ సరిపోయేలా కట్టిన సేవ అందరికీ సరిపోతుంది.

మన వంతు

ప్రభుత్వాన్ని అడిగే నోటితోనే మనవారినీ అడగాలి. 17వ శతాబ్దంలో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన శ్రీకాకుళం జామియా మసీదు నుంచి విజయనగరం బాబా ఖాదర్ వలీ దర్గా దాకా, ఈ జిల్లాలలో మన సంస్థలు అన్ని మతాలవారితో కలిసి బతికిన చరిత్ర ఉన్నవి. దర్గాకు దువా కోసం వచ్చే పక్షవాత రోగిని ఎవరూ ఆపనక్కరలేదు. దువా చేయించి, గోడ మీద 14416 నంబరు రాసి చూపిస్తే చాలు. జుమా ఖుత్బాలో ఇమాములు ఏడాదికి రెండుసార్లయినా ఈ వ్యాధి పేరెత్తి, ఇది సిగ్గుపడవలసింది కాదని చెప్పాలి. మసీదు కమిటీ వారానికి ఒక పూట ఒక గదినీ, ఒక ఫోనునూ, అర్హులైనవారి ప్రయాణ ఖర్చులకు జకాత్‌లో కొంత భాగాన్నీ కేటాయించవచ్చు. చదువుకున్న అమ్మాయిలు ఫోను కలిపి పెట్టి, గదిలోంచి బయటికి వచ్చి తలుపు వేయడం నేర్చుకోవాలి. ఆ తలుపు వేయడమే సగం చికిత్స.

రోగిని పరామర్శించడం, ఇయాదత్, మనకు సున్నత్. కానీ మన పరామర్శ తరచుగా పండ్ల సంచితో మొదలై, పక్క ఊళ్లో ఇలాగే వచ్చి పోయినవారి కథతో ముగుస్తుంది. దాని బదులు పది నిమిషాలు కూర్చుని, రోగి చెప్పలేకపోయినా చెప్పేదాకా ఓపికపట్టడం మేలు. రోగికి సేవ చేసే భార్యనో, కోడలినో కూడా నీకెలా ఉందని అడగాలి. ఏళ్ల తరబడి మంచం దగ్గర ఉన్నవారిలో కుంగుబాటు రోగిలో ఉన్నంతగానూ ఉంటుంది, వారిని అడిగేవారు ఇంకా తక్కువ.

చావు గురించి మాట్లాడే రోగిని, నేను లేకపోతే మీకు సుఖమనే అమ్మను తేలికగా తీసుకోకూడదు. ఆ క్షణానే 14416కు ఫోను చేయాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు, ప్రమాదం కనిపిస్తే 108 పిలవాలి. ఇంటర్నెట్‌లో డబ్బు తీసుకుని సలహాలమ్మే పేరూ ఊరూ లేని యాప్‌లకు, వ్యాధి పూర్తిగా మాయం చేస్తామనే ప్రకటనలకు దూరంగా ఉండాలి. అర్హత చెప్పని సలహాదారుకు మన రహస్యం చెప్పనక్కరలేదు.

రెండు జిల్లాల వైద్యాధికారులకు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బాధ్యులకు, మైనారిటీ సంక్షేమ అధికారులకు మేము ఈ ఐదు కోర్కెలను రాతపూర్వకంగా పంపుతున్నాము. ఈ పత్రిక చదివే ప్రతి మసీదు కమిటీ తన లెటరు హెడ్డు మీద అదే లేఖను పంపాలని కోరుతున్నాము. లేఖతో పాటు మీ మహల్లాలో పక్షవాతం వచ్చి ఇంట్లో ఉన్నవారు ఎందరో సంఖ్య మాత్రం రాయండి, పేర్లు వద్దు. లెక్కలో లేనివారికి సేవ రాదు. ఆ లెక్క కట్టే పని మనతోనే మొదలుకావాలి.